తణుకు–అత్తిలి రోడ్డులో పంది మాంసం కొట్టు: ఏ పందో, ఆడదో మగదో చెప్పి మరీ ఇస్తారు

బిరియానీ సెంటర్ల గురించీ, పులస దొరికే రేవుల గురించీ, నాటుకోడి హోటళ్ల గురించీ మన గోదావరి వైపు రాయని వాళ్లు లేరు. పంది మాంసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నల్ల కవర్లో చుట్టించుకుని గబగబా ఇంటికి తెచ్చేసుకోవడమే తప్ప ఎక్కడ బాగుందో, ఎందుకు బాగుందో ఎవరూ చెప్పరు. మా ఇంట్లో ఇది ఇష్టంగా తింటాం. మంచి కొట్టు దొరికింది కాబట్టి, ఇష్టపడే మిగతావాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

కొట్టు తణుకు నుంచి అత్తిలి వెళ్లే రోడ్డులో, పొలాల మధ్యలో ఉంటుంది. బోర్డు మీద పేరు లేదు, "సీమ పంది, నాటు పంది మాంసం దొరుకును" అని పెయింటుతో రాసి ఉంటుంది, అంతే. సీమ అంటే ఇక్కడ విదేశీ తెల్ల జాతి. భార్యాభర్తలిద్దరూ నడుపుతున్నారు. ఆయన కోస్తారు, ఆవిడ కాటా, డబ్బులు చూసుకుంటారు. పందులు బయట కొన్నవి కావు, కొట్టు వెనక కాస్త దూరంలో సొంత షెడ్డు ఉంది, సిమెంటు గచ్చు, రోజూ పైపు పెట్టి కడుగుతారు. అడిగితే తీసుకెళ్లి చూపిస్తారు, నాకు మొదట నమ్మకం కలిగింది అక్కడే. శని, ఆదివారాలు మాత్రమే కోస్తారు, పండగలప్పుడు ముందు రోజు కూడా.

ఈ కొట్టుని నేను మెచ్చుకునేది ఒక్క కారణానికి. "బాబాయ్ గారూ, ఇవాళ ఏది కోశారు?" అని అడిగితే, "సీమ క్రాసండి, ఆడది, ఎనిమిది నెల్లు, ఇంకా ఈనలేదండి. ఆ పక్కది నాటుదండి, విత్తులు తీసిన మగది, ఏడాది దాటిందండి, ఆయ్" అని తడుముకోకుండా చెబుతారు. చెప్పడమే కాదు, తల బల్ల మీదే ఉంచుతారు, తోలు తీసేయకుండా కాల్చి గీకి ఉంచుతారు. నల్ల పందికి ఎంత గీకినా తోలులో నల్లటి వెంట్రుక కుదుళ్లు కనిపిస్తూనే ఉంటాయి, తెల్ల సీమ పందికి ఉండవు. నాటుదని చెప్పి సీమది అంటగట్టడానికి అక్కడ వీలు లేదు.

కోడి కొనేటప్పుడు నాటుదా బ్రాయిలరా, పుంజా పెట్టా అని అడక్కుండా మనలో ఎవరు కొంటారు? పంది మాంసం దగ్గర మాత్రం "కొవ్వు తక్కువెయ్యి" అనో "కొవ్వు బాగా వెయ్యి" అనో ఒక్క మాట చెప్పి ఊరుకుంటాం. అసలు ఆ కొవ్వు ఎంత మందం ఉంటుంది, గట్టిగా ఉంటుందా జారిపోతూ ఉంటుందా, కండ ఎర్రగా ఉంటుందా పాలిపోయి ఉంటుందా, పొయ్యి మీద పెడితే కమ్మగా వాసన వస్తుందా లేక ఇల్లంతా కంపు కొడుతుందా అన్నది పంది కోతకి రాకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఏ జాతి, ఆడా మగా, విత్తులు తీశారా లేదా, ఏం తిని పెరిగింది, ఈ నాలుగూ తెలిస్తే ఏ కూరకి ఏ ముక్క కొనాలో ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరవచ్చు.

ముందు జాతి. మన ఊళ్లలో తిరిగే నల్ల నాటు పంది నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాది దాటినా 40, 50 కిలోల దగ్గరే ఉంటుంది. ఒంటి బరువుతో పోలిస్తే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. కానీ ఆ కండ ముదురు ఎరుపు, పోగు బిగువు, కండ లోపల కూడా సన్నటి తెల్లటి గీతల్లా కొవ్వు కలిసి ఉంటుంది. రుచి అక్కడి నుంచే వస్తుంది. వీపు మీద పరుచుకున్న కొవ్వు వేరు, కండలో కలిసిన కొవ్వు వేరు. మొదటిది కత్తితో తీసేయొచ్చు. రెండోది తీయడానికి రాదు, ఉడికేటప్పుడు కరిగి ముక్కని మెత్తగా, రసంగా ఉంచేది అదే. సీమ పంది, అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన లార్జ్ వైట్ యార్క్‌షైర్, పొడవాటి ఒళ్లు, నిటారుగా నిలబడే చెవులు, త్వరగా పెరుగుతుంది, కండ బాగా పడుతుంది, వీపు కొవ్వు పలచన. డెన్మార్క్ నుంచి వచ్చిన లాండ్రేస్ కూడా అంతే, దాని చెవులు ముందుకి వాలి ఉంటాయి, వెన్ను ఇంకా పొడవు. ఈ రెండింట్లో కండ లోపలి కొవ్వు సాధారణంగా 1 నుంచి 2 శాతం చుట్టూ ఉంటుంది. ముక్క నోట్లో పొడిపొడిగా అనిపించకుండా ఉండాలంటే 2 నుంచి 3 శాతం దాకా ఉంటే బాగుంటుంది. తెల్ల పంది వీపు ముక్కని వేపుడు చేస్తే కాస్త ఎక్కువ మంట తగిలినా గట్టిపడిపోయేది అందుకే.

ప్రపంచంలో పంది మాంసం మీద శ్రద్ధ ఉన్న దేశాలన్నీ ఈ జాతుల లెక్క చూసుకునే నడుస్తున్నాయి. అమెరికాలో తయారైన డ్యూరాక్ ఎర్రటి పంది, కండ లోపలి కొవ్వుకి పేరు పడింది, 3 శాతం దాకా, ఒక్కోసారి ఆపైన కూడా. అందుకే చాలా దేశాల్లో లార్జ్ వైట్, లాండ్రేస్ కలిపిన ఆడపందిని డ్యూరాక్ పోతుతో కట్టిస్తారు. తల్లి వైపు నుంచి ఎక్కువ పిల్లలూ పాలూ, తండ్రి వైపు నుంచి రుచి. బెల్జియం పియెట్రేన్ దీనికి పూర్తి ఎదురు, తొడలు ఉబ్బి కండలు తిరిగి ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ. కానీ ఆ జాతిలో ఒక జన్యు లోపం బాగా వ్యాపించింది. ఆ లోపం ఉన్న పంది చిన్న టెన్షన్‌కే కుప్పకూలుతుంది, కోశాక మాంసం తెల్లగా పాలిపోయి, మెత్తబడి, నీళ్లు కారుతుంది. ఆ లోపం ఎక్కడుందో 1991లో కనిపెట్టారు, ఆ తర్వాత రక్త పరీక్షతో అలాంటి పందుల్ని ఏరేయడం వీలైంది. నల్ల ఒంటి మీద భుజాల దగ్గర తెల్ల పట్టీ ఉండే హాంప్‌షైర్‌లో ఇంకో జన్యువు ఉంది, దాన్ని 2000లో పట్టుకున్నారు. అది ఉన్న పంది కండలో చక్కెర నిల్వలు ఎక్కువ, కోశాక అవి ఆమ్లంగా మారి మాంసం పులుపుదేలుతుంది, వండితే బాగా తగ్గిపోతుంది. స్పెయిన్ ఐబీరియన్ పంది ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తిని బలుస్తుంది, దాని తొడకి ఉప్పు పట్టించి, ఏళ్ల తరబడి గాలిలో ఆరబెట్టి అమ్ముతారు. జపాన్ కగోషిమాలో నల్ల బెర్క్‌షైర్ మాంసానికి మామూలు పంది కంటే ఎక్కువ ధర. నల్ల పంది అంటే మురికి పంది అని మొహం చిట్లించే మన వాళ్లకి ఈ సంగతి తెలియాలి.

మన రాష్ట్రంలోనూ ఈ పని జరిగింది. గన్నవరంలో ఒకప్పుడు ప్రభుత్వ పందుల ఫారం, దానికి తోడు బేకన్ ఫ్యాక్టరీ ఉండేవి. తిరుపతి వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తం కలిపి టి-17 అనే సంకర జాతిని తీసుకొచ్చారు. మన ఎండకీ, మన మేతకీ తట్టుకుంటూ త్వరగా పెరగాలన్నది ఉద్దేశం. ఈ కొట్టాయన "సీమ క్రాస్" అనేది కూడా అలాంటి కలయికే, ఆయన షెడ్డులో తెల్లవాటి మీద అక్కడక్కడా నల్ల మచ్చలు కనిపిస్తాయి. రుచిలో కూడా సరిగ్గా మధ్యలో ఉంటుంది, నాటుదంత గట్టి కాదు, శుద్ధ తెల్లదంత చప్పన కాదు. రోజువారీ కూరకి నా ఓటు దీనికే.

ఇక ఆడా మగా. ఒకే ఈతలో పుట్టి, ఒకే తొట్టిలో తిని, ఒకే రోజు కోతకి వచ్చిన మూడు పందుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. విత్తులు తీయని పోతుకి కొవ్వు అన్నిటికంటే తక్కువ, విత్తులు తీసిన మగదానికి అన్నిటికంటే ఎక్కువ, ఈనని ఆడపంది ఈ రెండింటికీ మధ్య. విత్తుల్లో తయారయ్యే హార్మోన్లు తిన్న తిండిని కండ వైపు మళ్లిస్తాయి, అవి పోతే ఆకలి పెరుగుతుంది, తిన్నది కొవ్వుగా పేరుకుంటుంది. అందుకే విత్తులు తీసినదానికి వీపు మీద మందపాటి పొర, పొట్ట దగ్గర కొవ్వూ కండా పొరలు పొరలుగా ఉంటాయి, కండ లోపల కూడా ఆడదాని కంటే కొంచెం ఎక్కువ కొవ్వు కలుస్తుంది. ఆడదానికి వీపు కండ పెద్దది, శుభ్రంగా ఉంటుంది. పోతు కొవ్వు పలచగా ఉండటమే కాదు, మెత్తగా, తడిగా ఉండి తోలు నుంచీ కండ నుంచీ విడిపోతూ ఉంటుంది, గట్టిగా తెల్లగా నిలబడదు. అయితే కండ లోపలి కొవ్వు విషయంలో ఆడ మగ తేడా చిన్నది, జాతి తేడా పెద్దది. తెల్ల పందికి విత్తులు తీసినంత మాత్రాన నాటు రుచి రాదు.

మరి మగా ఆడా అని అంత పట్టింపు ఎందుకంటే, వాసన కోసం. పంది మాంసం కంపు కొడుతుందని జన్మలో ముట్టనివాళ్లు చాలామంది బహుశా మొదటిసారి తిన్నది పోతు మాంసమే అయి ఉంటుంది. పోతు ఈడుకొచ్చాక విత్తుల్లో ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం తయారై కొవ్వులో చేరి కూర్చుంటుంది, ఉచ్చ కంపూ చెమట కంపూ కలిసినట్టు ఉంటుంది అది. దానికి స్కాటోల్ తోడవుతుంది, పేడ వాసన. ఇది పేగుల్లో బ్యాక్టీరియా వల్ల పుట్టేది, ఆడ మగ అన్నిట్లోనూ ఉంటుంది, మామూలుగా కార్జం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పోతులో మాత్రం ఆండ్రోస్టెనోన్ కార్జం చేసే ఆ పనికి అడ్డం పడుతుంది, దాంతో స్కాటోల్ కూడా కొవ్వులో నిలవ ఉండిపోతుంది. పచ్చి ముక్కలో పెద్దగా తెలియదు, పొయ్యి మీద కొవ్వు కరగడం మొదలవగానే గుప్పుమంటుంది. అల్లం వెల్లుల్లి రెట్టింపు వేసినా, మసాలా దట్టించినా, పసుపు నీళ్లలో పదిసార్లు కడిగినా పోదు, ఎందుకంటే అది పైన అంటుకున్నది కాదు, కొవ్వులో కరిగి ఉన్నది.

ఒకసారి వేరే ఊరి కొట్టులో తెచ్చిన మాంసంతో మా ఇంట్లో ఇదే జరిగింది. కుక్కర్ మూత తీయగానే నేనూ మా అత్తగారూ వంటింట్లోంచి బయటికి వచ్చేశాం. మా ఆయనేమో ప్లేటు పట్టుకుని "బానే ఉంది కదా, మీకేమైంది?" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆండ్రోస్టెనోన్ వాసన కొందరి ముక్కుకి అసలు అందదు, అది పుట్టుకతో వచ్చే తేడా, సగటున మగవాళ్ల కంటే ఆడవాళ్లు దాన్ని ఎక్కువగా పట్టేస్తారు. అందుకే అమ్మేవాళ్లు "మాంసం మంచిదే, మీకే అనుమానం" అని వాదిస్తే నమ్మకండి, వాళ్ల ముక్కుకి తెలియకపోవచ్చు. యూరప్‌లో పెద్ద కబేళాల్లో సైతం దీని కోసం ముక్కు చురుగ్గా ఉన్న మనుషుల్ని పెట్టుకుంటారు, వేలాడదీసిన పంది కొవ్వుకి వేడి ఇనుము తగిలించి వాసన చూస్తారు. మనం ఇంట్లో చేయగలిగింది కూడా అదే: కూర మొదలుపెట్టే ముందు చిన్న కొవ్వు ముక్క కాలిన పెనం మీద వేసి ఒక్క నిమిషం వాసన చూడటం. తేడాగా ఉంటే మసాలా దండగ చేసుకోనక్కర్లేదు.

దీనికి మందు చిన్నప్పుడే విత్తులు తీయడం. ఈ కొట్టాయన పిల్లలు పాలు మానకముందే, మూడో నాలుగో వారంలో తీయిస్తారు. అప్పుడు గాయం చిన్నది, త్వరగా మానుతుంది. మత్తు ఇవ్వకుండా తీయడం జర్మనీలో 2021 నుంచి నిషేధం, కొన్ని దేశాల్లో కత్తి లేకుండా టీకాతోనే విత్తులు పనిచేయకుండా చేస్తున్నారు, బ్రిటన్, స్పెయిన్ లాంటి చోట్ల చాలావరకు అసలు తీయకుండా ఈడుకి రాకముందే కోసేస్తారు. మన నాటు పోతులు చిన్న వయసులోనే ఈడుకొస్తాయి కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ నమ్ముకోవడానికి లేదు. విత్తనానికి వాడిన ముసలి పోతుకి చివర్లో విత్తులు తీసి వెంటనే కోసేస్తే లాభం లేదు, కొవ్వులో చేరింది పోవడానికి వారాలు పడుతుంది. ఈ సంగతి అడిగినప్పుడు కొట్టాయన సూటిగా చెప్పారు, విత్తనపు పోతుల్ని తన కొట్టులో కోయననీ, వేరేవాళ్లకి అమ్మేస్తాననీ. షెడ్డు రోజూ కడగడం మీద ఆయన భార్య పిన్నిగారికి అంత పట్టుదల ఉండటం కూడా మంచిదే. తమ పేడలోనే పొర్లే పందుల కొవ్వులో, అవి ఆడవైనా సరే, స్కాటోల్ పెరుగుతుంది.

మేత సంగతి కొస్తే మన డెల్టా గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆవు, గేదె ఏం తిన్నా కడుపులోని సూక్ష్మజీవులు ఆ కొవ్వుని మార్చేస్తాయి. పందికి అలాంటి పొట్ట లేదు, తిన్న నూనె తిన్నట్టుగానే పోయి వీపు కొవ్వులో చేరుతుంది. ఊరూరా రైసు మిల్లులు ఉన్న చోట పందికి తవుడే చవక మేత. మిల్లు నుంచి వచ్చిన పచ్చి తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది, అదే ఎక్కువ పెడితే కొవ్వు మెత్తబడి, నూనె కారుతూ, వేలితో నొక్కితే గుంట పడుతుంది. నూక, బియ్యపు పిండి లాంటివి పెడితే పంది ఆ పిండి పదార్థం నుంచి తన కొవ్వు తానే తయారు చేసుకుంటుంది, అది తెల్లగా గట్టిగా పడుతుంది. నూనె తీసేసిన తవుడుతో ఈ ఇబ్బంది ఉండదు. భీమవరం, ఆకివీడు వైపు ఇంకో బెడద: చేపల వ్యర్థాలు, రొయ్య తలకాయలు పందులకి వేస్తారు, ఆ నీచు వాసన కొవ్వులోకి దిగి పంది కూరలో చేపల వాసన వస్తుంది. ఇక్కడ నూక, నూనె తీసిన తవుడు, కూరగాయల తుక్కు పెడతారు, హోటళ్ల మిగులు తెచ్చినా ఉడకబెట్టి పెడతారు. ఇవాళ కొన్న వీపు కొవ్వు ఫ్రిజ్‌లో పెట్టి రేపు తీస్తే కత్తికి గట్టిగా తగులుతుంది, చక్కగా ముక్కలవుతుంది. కొవ్వు అనగానే భయపడే వాళ్లకి ఒక మాట: పంది కొవ్వులో అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఒలీయిక్ ఆమ్లం, ఆలివ్ నూనెలో ప్రధానంగా ఉండేదే, దాదాపు 40 శాతం. అలాగని గిన్నెలు గిన్నెలు తాగమని కాదు, గడ్డకట్టే రకం కొవ్వు కూడా అందులో దాదాపు అంతే ఉంది.

కోసే పద్ధతి గురించి కూడా రాయాలి. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు, ఎండలో ఆటో వెనక కట్టేసి తెచ్చి, అరుస్తూ పెనుగులాడుతుండగా కోస్తే ఒళ్లు కాగిపోయి ఉంటుంది. బతికున్న కండ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 7 దగ్గర ఉంటుంది, కోశాక ఒక రోజులో నెమ్మదిగా 5.5, 5.7 దగ్గరికి దిగాలి. కంగారుపడ్డ పందిలో ముక్కాలు గంటలోనే 6 కిందికి పడిపోతుంది, కండ వేడిగా ఉండగానే పులుపెక్కి, పాలిపోయి, గిన్నెలో నీళ్లు వదిలేస్తుంది. కూరలో నీళ్లు పోయకుండానే ముక్క ఈదుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. అదే రాత్రంతా వేరే గుంపులో పడి కొట్టుకుని అలిసిపోయిన పందిదైతే ఎదురు ఫలితం, కండ నల్లబడి జిగురుగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. ఇక్కడ షెడ్డు పక్కనే కోత, ముందు రాత్రి మేత ఆపి నీళ్లు మాత్రం ఇస్తారు, తెల్లవారుజామున చల్లగా ఉండగానే పని ముగించేస్తారు. ఈ కొట్టు మాంసం గిన్నెలో వేస్తే నూనె వస్తుంది కానీ నీళ్లు కారడం నేను చూడలేదు.

భద్రత విషయంలో నా మాట ఖచ్చితంగా ఉంటుంది. బయట తిరిగే పందులు మనుషుల మలం తింటే బద్దెపురుగు గుడ్లు వాటి ఒంట్లోకి వెళ్లి కండలో చిన్న తెల్లటి నీటి బుడగలుగా మారతాయి. అలాంటి మాంసం సరిగా ఉడకకుండా తింటే మన పేగుల్లో పురుగు పెరుగుతుంది, ఆ పురుగు గుడ్లు చేతుల ద్వారానో నీళ్ల ద్వారానో నోట్లోకి వెళితే మెదడులో బుడగలు కట్టి మూర్ఛలు వస్తాయి. కట్టేసి పెంచిన పందికి ఈ ప్రమాదం బాగా తక్కువ. అయినా ముక్క కోసేటప్పుడు కండ మీద కన్నేయండి, బాగా ఉడికించే తినండి. "నాటుది" అన్న పేరుకి మురిసిపోయి వీధి పంది మాంసం కొనకండి, నాటు జాతి వేరు, వీధిలో వదిలేసి పెంచడం వేరు.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. మొదటిది, అడిగితేనే చెబుతారు. ఒక్కోసారి ఈతలు అయిపోయిన ముసలి ఆడపందిని కూడా కోస్తారు, కండ ముదురుగా పీచుపీచుగా ఉంటుంది, ఎంత ఉడికించినా నములుతూనే ఉండాలి, ధర మాత్రం లేతదానితో సమానం. అడిగినవాళ్లకి దాచరు, అడగని వాళ్లకి కవర్లో వేసి ఇచ్చేస్తారు. ఒక పలక మీద సుద్దముక్కతో జాతి, ఆడ మగ, వయసు రాసి పెడితే ఏం పోతుందని నేను పిన్నిగారితో చాలాసార్లు అన్నాను, నవ్వి ఊరుకుంటున్నారు. రెండోది, ఫ్రిజ్ లేదు. పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే మాంసం ఎండ వేడికి వేలాడుతూనే ఉంటుంది, పైన దోమతెర కప్పుతారు కానీ వేసవిలో అది చాలదు. మూడోది, పశువుల డాక్టరు చూసి వేసిన ముద్ర లేదు, ఉండాలి. నాలుగోది, కలిపి కొట్టేస్తారు. తొడ, జబ్బ, పొట్ట, పక్కటెముకలు అన్నీ ఒకే కుప్పలో వేసి తూకం వేస్తారు. విడిగా కావాలంటే గట్టిగా చెప్పాలి, ఆయన ఒప్పుకుంటారు కానీ జనం ఎక్కువ ఉంటే విసుక్కుంటారు. మూత్రపిండాల చుట్టూ ఉండే లోపలి కొవ్వు, ఒంట్లో అన్నిటికంటే గట్టి, తెల్లటి కొవ్వు అది, దాన్ని విలువ తెలియక పక్కన పడేస్తున్నారు. నేను అడిగి తెచ్చుకుని సన్న మంట మీద కరిగించి సీసాలో పెట్టుకుంటాను. ఆ కొవ్వుతో కాల్చిన రొట్టె తిన్నవాళ్లు ఇక దాన్ని పారేయనివ్వరు.

ఏం కొనాలో నా అనుభవంతో చెబుతాను. గోంగూరతో కూరకైతే విత్తులు తీసిన సీమ క్రాస్ పొట్ట ముక్క అడగండి, తోలు, కొవ్వు, కండ మూడూ ఉండాలి. పులుపుకి ఆ కొవ్వు సరిపోతుంది, నూనె వేయక్కర్లేదు, ముందు ముక్కల్ని ఉప్పు పసుపుతో వేడి గిన్నెలో వేస్తే దాని నూనె అదే వదులుతుంది. కొవ్వు పడని వాళ్లు, పెద్ద వయసు వాళ్లు ఉన్న ఇంటికి ఈనని ఆడపంది తొడ, వీపు కండ, మిరియాలతో ఇగురు పెడితే చాలు, కానీ ఎక్కువ సేపు వేయించకండి. నాటుది దొరికిన రోజు తొందరపడి కుక్కర్లో వేయవద్దు. మందపాటి గిన్నెలో, చిన్న మంట మీద, రెండు గంటలైనా ఓపిక పట్టాలి, తోలు జిగురుగా మారి పులుసు చిక్కబడాలి. చింతచిగురు కాలంలో అయితే అందులోనే వేసేయండి. పచ్చడికి నాటు తొడ కండే మేలు, నీళ్లు తక్కువ, ముక్క విరగదు. మాంసం కోసిన కొద్ది గంటలకి కండ బిగుసుకుంటుంది, ఆ సమయంలో వండితే గట్టిగా అనిపిస్తుంది, వీలైతే ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వండండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రస్తుతం సీమ క్రాస్ కిలో 360, నాటుది 420 తీసుకుంటున్నారు, తణుకులో కంటే కొంచెం ఎక్కువే, ఈ మాంసానికి ఆ ధర న్యాయం. కార్జం ముందు చెప్పిన వాళ్లకే దొరుకుతుంది. ఆదివారం ఏడున్నర లోపు వెళ్లండి, ముందురోజు సాయంత్రం కొట్టు దగ్గర ఆగి ఏది కోస్తున్నారో కనుక్కుంటే ఇంకా మంచిది. నాటుది వారం వారం ఉండదు. మూత ఉన్న స్టీలు గిన్నె తీసుకెళ్లండి, అడుగున రెండు ఐసు ముక్కలు వేసుకుంటే ఇంటికి చేరేదాకా మాంసం చల్లగా ఉంటుంది. అన్నిటికంటే ముందు, కాటా మీద వేయకముందే అడగండి: ఏ జాతి, ఆడదా మగదా, విత్తులు తీశారా, ఎన్ని నెలలు.